ఆపే ఎంజైమ్

5 జనవరి 2025, ఆదివారం

దేవమ్మ ఆంటీ రొట్టె తినలేదు.

చర్చిలో బల్ల ముందు నా పక్కనే మోకరించింది. పాస్టరు అయ్యగారు ఆవిడ అరచేతిలో ముక్క పెట్టారు. కళ్ళు మూసుకుంది. చెయ్యి నోటిదాకా తీసుకెళ్ళింది, దవడలు కూడా కదిపింది. ముక్క మాత్రం రుమాల్లోకి జారింది, రుమాలు హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్ళింది. స్త్రీల సమాజం ప్రెసిడెంట్‌గారు ఇంత నీట్‌గా చెయ్యగలరని నాకిన్నాళ్ళూ తెలియదు. అందరూ కళ్ళు మూసుకున్న టైములో నేను తెరిచే ఉంచాను కాబట్టి చూశాను.

ఆ రొట్టె చేసింది నేను. ప్రతి నెలా మొదటి ఆదివారం ప్రభువు బల్లకి పులియని రొట్టె మా ఇంటి నుంచే వెళ్తుంది. నాయనమ్మ జ్ఞానమ్మ దివిసీమ నుంచి బందరు కాపురానికి వచ్చినప్పుడు మొదలైన పని అది. ఆవిడ పోయాక అమ్మ చేసింది. అమ్మకి మణికట్టు నొప్పులొచ్చాక నాకు వచ్చింది. శనివారం సాయంత్రం నాయనమ్మ ఇత్తడి బేసిన్‌లో గోధుమపిండి పిసికి, పెనం మీద కాల్చి, తెల్లబట్టలో చుట్టి పంపుతాం. నాకు వంట రాదు. రావాలని కూడా లేదు. ఆ పిండి పిసకడం మాత్రం ఇష్టం.

నవంబరులో పై పెదవి మూల తెల్ల చుక్క వచ్చింది. క్రిస్మస్‌కి వేళ్ళ కొనలు తెల్లబడ్డాయి. బొల్లి. అమ్మ ఆ మాట పలకదు. ‘అది’ అంటుంది.

ఆ ముక్కని ఆంటీ ఏం చేసి ఉంటుంది? ప్రార్థించిన రొట్టె పారేయకూడదు. మిగిలితే ఆరాధన అయ్యాక బల్ల సర్దేవాళ్ళే తినెయ్యాలి. అయ్యగారు, సంఘ పెద్ద, స్త్రీల సమాజం ప్రెసిడెంట్. మా గుడిలో మొదట్నుంచీ అదే పద్ధతి. దాన్ని అందరికీ గుర్తుచేసేది కూడా ఆవిడే. ఇంటికెళ్ళి కాకులకి వేసిందేమో.



6 జనవరి, సోమవారం

కాలేజీలో సెకండియర్ వాళ్ళకి ఇమ్యునాలజీ. సిలబస్ నన్ను చూసి నవ్వుతోంది. ఇవాళ్టి పాఠం నా జబ్బే.

బోర్డు మీద సెల్ గీశాను. గోడకి ఒక రిసెప్టర్, దానికి లోపలి వైపు తోక. ఆ తోకని పట్టుకుని జాక్ అనే ఎంజైమ్ కూర్చుని ఉంటుంది. బయట ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక వచ్చి తగలగానే అది లేచి, ఒక ఫాస్ఫేట్‌ని తోకకి అంటిస్తుంది. పక్కనున్న స్టాట్ అనే ప్రోటీన్‌కి కూడా అంటిస్తుంది. స్టాట్ ఆ ఫాస్ఫేట్ తగిలించుకుని తిన్నగా న్యూక్లియస్‌లోకి పోతుంది. శత్రువొచ్చాడు, మనుషుల్ని పంపండి. కబురు అంతే. నిజంగా శత్రువేనా అని జాక్ చూడదు, స్టాట్ చూడదు. వాళ్ళ పని మోయడమే.

అందుకని ఇంకో రకం ఎంజైమ్ ఉంటుంది. ఫాస్ఫటేజ్. అంటించిన ఫాస్ఫేట్‌ని ఇది పీకేస్తుంది. కబురు ఆగిపోతుంది. అంటించేదీ పీకేదీ రెండూ పనిచేస్తుంటేనే ఒళ్ళు ఒళ్ళులా ఉంటుంది. నా చర్మంలో కాపలా కాసే టి సెల్స్ రంగు చేసే కణాల్ని దొంగలనుకుని చంపుతున్నాయి. చంపే కొద్దీ కబురు వెళ్తోంది, కబురు వెళ్ళే కొద్దీ ఇంకా టి సెల్స్ వస్తున్నాయి. ఆపేవాటికి చాతకావట్లేదు.

ఫస్ట్ బెంచ్ మొత్తం బొమ్మని చూడట్లేదు. సుద్దముక్క పట్టుకున్న నా వేళ్ళని చూస్తోంది. ఒకమ్మాయి లేచి, ఆపే ఎంజైమ్ సరిగ్గా పనిచేయకపోతే ఏమవుద్ది మేడమ్ అని అడిగింది. నోట్సులో ఉంది చూసుకో అన్నాను. పాపం మంచి ప్రశ్నే.

9 జనవరి

వేళ్ళకి ఫౌండేషన్ పూసుకుని వెళ్ళాను. డస్టర్‌కి అంటుకుంది. ఛీ.

18 జనవరి, శనివారం, సాయంత్రం ఐదు

అమ్మగారు వచ్చారు. అంటే అయ్యగారి భార్య. వెంట దేవమ్మ ఆంటీ.

అమ్మ టీ పెట్టింది. ఆంటీ షుగరమ్మా అని కప్పు పక్కకి జరిపింది. బిస్కెట్ ప్యాకెట్ మాత్రం సీలు చూసుకుని తనే చింపుకుని నాలుగు తింది. ఆ బిస్కెట్లలో షుగర్ ఉండదు కాబోలు.

అమ్మగారు చాలాసేపు వాతావరణం గురించి, కాలేజీ గురించి మాట్లాడారు. ఆ తర్వాత, నీకు కాలేజీ పనే ఎక్కువైపోతోంది కదా కల్పనా, కొన్నాళ్ళు రొట్టె పని నుంచి రెస్ట్ తీసుకోమ్మా అన్నారు. ఇది అంటదండీ అన్నాను. మాకు తెలియదా అమ్మా, సంఘంలో అందరికీ చెప్పలేం కదా, నలుగురూ నాలుగు అంటున్నారు అన్నారు. ఎవరండీ ఆ నలుగురూ అంటే ఇద్దరూ ఫ్యాన్ వైపు చూశారు. దేవమ్మ ఆంటీ, బైబిల్ వాక్యంలో తెల్లమచ్చ ఉన్నవాళ్ళ అపవిత్రత గురించి ఏముందో నేను చెప్పక్కర్లేదు అంది. చెప్పక్కర్లేదంటూనే మొత్తం చెప్పింది.

నేను నోరు తెరిచేలోపు అమ్మ, అలాగేనండి, మీరెలా చెబితే అలాగే అనేసింది. కృపాకుమారి అని పేరు పెట్టినందుకు ఈ ఊళ్ళో అందరి మీదా కృప చూపిస్తుంది, నా మీద తప్ప.

వాళ్ళు వెళ్ళాక నేను కూర్చున్న కుర్చీ వంక చూసుకున్నాను. ఆంటీ దానికి తగలకుండా పక్కనించి తిరిగి వెళ్ళింది. ఇందాక ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

2 ఫిబ్రవరి, ఆదివారం

బల్ల మీద బేకరీ మిల్క్ బ్రెడ్. అంచులు కోసి, చదరాలు చేసి. తియ్యగా ఉంది. అది పిసికినవాడి వేళ్ళు ఎవరు చూశారు? మిగిలింది కూడా బాగానే మిగిలింది. ఆంటీ బల్ల దగ్గర నిలబడి రెండు చేతులా తింది.

12 ఫిబ్రవరి, బుధవారం

గుడివాడ. బందరులో స్కిన్ డాక్టర్లు లేక కాదు. ఇక్కడి వెయిటింగ్ రూముల్లో మన సంఘంవాళ్ళు కనిపిస్తారని అమ్మ గుడివాడ అంది. పాసింజర్‌లో గుడ్లవల్లేరు దాటేదాకా చున్నీ ముఖానికి చుట్టుకుని కూర్చోమంది. కూర్చున్నాను. నా మీద నాకే రోత పుట్టింది.

డాక్టరమ్మ మంచిది. గబగబా మాట్లాడుతుంది, ముఖం మీదే చెబుతుంది. జాక్ ఇన్హిబిటర్ మాత్రలు, పైన రాసుకోవడానికి అదే ఆయింట్‌మెంట్ రాసింది. దానికి ముందు ఛాతీ ఎక్స్‌రే, టీబీకి టెస్టు. ఎందుకో నాకు తెలుసు. జాక్ నోరు నొక్కేస్తే అబద్ధపు కబురుతోపాటు నిజం కబురూ ఆగుతుంది. నిజంగా దొంగ దూరితే అరిచేవాడుండడు. మీరు లెక్చరర్ కదా, మీకు నేను చెప్పేదేముంది అంది. జ్వరం వస్తే మాత్రం పాఠాలు చెప్పుకుంటూ కూర్చోకుండా వెంటనే రమ్మంది.

ముఖం తిరిగి వస్తుంది, ఓపిక పట్టు అంది. వేళ్ళ మీద ఆశ పెట్టుకోకు అని కూడా అంది. పోయిన రంగు వెంట్రుక మొదట్లోంచి మళ్ళీ పాకుతుంది. వేళ్ళ కొనల మీద వెంట్రుక ఉండదు. పాకడానికి అక్కడ ఏమీ లేదు.

తిరుగు రైల్లో అమ్మ, ముఖం వస్తుందంది కదా చాలు అంది. చాలట. పిండి పిసికేది ముఖంతోనా?

15 మార్చి, శనివారం

రాఘవమ్మ చేపలు తెచ్చింది. నా చిన్నప్పటి నుంచీ గిలకలదిండి నుంచి మా వీధికి వస్తుంది. ఇదివరకు చేపని నా చేతిలో పెట్టి, తాజాదో కాదో నువ్వే చూడు అనేది. ఇవాళ అరుగు మీద పెట్టి వెనక్కి జరిగింది. ఏంటి పాపా ఆ ఏళ్ళకి తెలుపు, అంటుద్దా అని అడిగేసింది. రుమాలు నాటకాలు లేవు. అంటదు అన్నాను. అయితే మంచిదే అంది. డబ్బులు మాత్రం గోడ మీద పెట్టమంది.

అప్పుడు ఆమె చేతులు చూశాను. కృత్తివెన్ను చెరువుల రొయ్యలు ఒలిచే షెడ్‌లో చేస్తోందట ఈమధ్య. ఐసు నీళ్ళలో చర్మం నాని చీలిపోయింది. గోళ్ళ చుట్టూ పుళ్ళు. ఒకదాంట్లో చీము. వాటితోనే నా చేప పొలుసు తీసింది.

లోపలికెళ్ళి కవరు తెచ్చి, చేతికి తిరగేసి తొడుక్కుని చేపని తీసుకున్నాను. ఆమె చూసింది.

కూర నేను తినలేదు.

11 ఏప్రిల్

పెదవి మూల తెలుపులో గోధుమరంగు చుక్కలు. గసగసాలు చల్లినట్టు. అమ్మ నా గడ్డం పట్టుకుని కిటికీ దగ్గర వెలుతుర్లో అటూ ఇటూ తిప్పి చూసింది, ఏడ్చింది. నాకూ ఏడుపొచ్చింది. అబద్ధం ఎందుకు, చాలా సంతోషమేసింది. మందు పనిచేస్తోంది. కబురు ఆగింది.

20 ఏప్రిల్, ఈస్టర్

గుడి మెట్ల మీద దేవమ్మ ఆంటీ నా గడ్డం పుణికి వేళ్ళు ముద్దు పెట్టుకుంది. శుక్రవారం ప్రార్థనల్లో నీ పేరు ఎత్తని వారం లేదు, చూశావా దేవుడి కార్యం అని అందర్నీ పిలిచి చూపించింది. సంతలో గేదె పళ్ళు చూసినట్టు పెదవి మూల చూశారు. అమ్మ తల ఊపుతోంది. మాత్రల మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

చేతులు చున్నీ కింద ఉన్నాయి.

10 మే, శనివారం

అమ్మగారు మళ్ళీ వచ్చారు. పోయిన వారం మిల్క్ బ్రెడ్‌కి చీమలు పట్టాయట, అయ్యగారు ఊదుకుంటూ ప్రార్థన చేశారట. జూన్ నుంచి రొట్టె మళ్ళీ మీరే చెయ్యండి అన్నారు. జులై మొదటి ఆదివారం నేను గుడిలో అందరి ముందూ సాక్ష్యం కూడా చెప్పాలట. స్వస్థత పొందిన సాక్ష్యం.

నేను రెండు చేతులూ చాపి చూపించాను. అమ్మగారు ఒక్క క్షణం చూసి, ముఖం వచ్చేసింది కదమ్మా, చేతులదేముంది, గ్లౌజులు వేసుకుంటే సరి, ఎవరూ అడగరు అన్నారు. చాలా ప్రేమగా అన్నారు. ఈ మనుషులు ప్రేమగా అనే మాటలు వింటుంటే వాంతి వస్తుంది.

సాయంత్రానికి అమ్మ మెడికల్ షాపు నుంచి గ్లౌజుల డబ్బా తెచ్చింది.

24 మే

అవనిగడ్డలో పెళ్ళి. స్టేజి మీదికి రమ్మని బతిమాలారు. ఫోటోగ్రాఫర్ చేతులు బొకే వెనక పెట్టుకోమన్నాడు.

31 మే, శనివారం

గ్లౌజులతో పిసికాను. పిండి చేతికి ఏమీ చెప్పదు. నీళ్ళు చాలాయో లేదో తెలియదు, మెత్తబడిందో లేదో తెలియదు. రొట్టె అట్టలా వచ్చింది, రబ్బరు వాసన. నాయనమ్మ ఉంటే బేసిన్‌తో నెత్తిన కొట్టేది.

1 జూన్, ఆదివారం

అందరూ తిన్నారు. దేవమ్మ ఆంటీ కూడా తింది, కమ్మగా ఉందమ్మా మీ ఇంటి రొట్టె అంది. రబ్బరు తిని కమ్మగా ఉందంటోంది. దాన్ని చేసిచ్చింది నేనే. ఇవాళ ఎవరి మీద ఎక్కువ అసహ్యం వేసిందో రాయను.

14 జూన్, శనివారం

రాఘవమ్మ. చేతులు ఇంకా పాడయ్యాయి. షెడ్‌లో గ్లౌజులు ఇవ్వరా అని అడిగాను. ఇచ్చారు పాపా, ఏసుకుంటే రొయ్య జారిపోద్ది, తల ఊడి రాదు, తీసి మూలకి పడేశా అంది. నీ మూతి బాగైంది కానీ ఏళ్ళు అట్టానే ఉన్నాయేంటి అంది. అవి ఇంతే అన్నాను. గవర్నమెంటాసుపత్రికి వెళ్ళి ఆ చీము చూపించుకో అన్నాను. ఎల్తా ఎల్తా అంది, వెళ్ళదు.

రొయ్యలు కవరుతోనే తీసుకున్నాను. ఆమె అరుగు మీదే పెట్టింది. ఇద్దరం పద్ధతిగా ఉన్నాం.

5 జులై, శనివారం, సాయంత్రం ఆరు

గ్లౌజుల డబ్బా పొయ్యి గట్టు మీద ఉంది. అమ్మ మూత తీసి, రెండు బయటికి లాగి మరీ పెట్టి వెళ్ళింది. తొడుక్కోలేదు.

నీళ్ళు, ఉప్పు, పిండి. మొదట వేళ్ళకి అంటుకుంటుంది, తర్వాత వదిలేస్తుంది. వదిలేసినప్పుడు పిండి సిద్ధమైనట్టు. ఎన్నాళ్ళయిందో. తెల్ల వేళ్ళకి కూడా అది బాగానే తెలుస్తోంది. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. రేపు ఏం చెప్తావే అని అడిగింది. ఉన్నది చెప్తాను అన్నాను. ఎవరూ తినకపోతే అంది. తినకపోతే మిగులుద్ది అన్నాను.

అమ్మ పొయ్యి వెలిగించి పెనం పెట్టింది.

భయంగా ఉంది. ఇక మా ఇంటి నుంచి రొట్టె వెళ్ళేది రేపే ఆఖరేమో. బేసిన్ తోమి నాయనమ్మ ట్రంకు పెట్టెలో పెట్టెయ్యాలేమో.

6 జులై, ఆదివారం, మధ్యాహ్నం

మైక్ దగ్గరికి వెళ్ళాను. ముఖం బాగైన మాట నిజం అన్నాను. గుడివాడ డాక్టరమ్మ మందు వాడాను, దేవుడి దయ కూడా ఉంది, ఏది ఎంతో విడదీసి చెప్పడం నాకు రాదు అన్నాను. ఇక్కడిదాకా ఆమెన్‌లు వచ్చాయి. వేళ్ళు బాగవ్వలేదు, ఇక బాగవ్వవు అని రెండు చేతులూ ఎత్తాను. ఆమెన్‌లు ఆగాయి. నిన్న సాయంత్రం ఆ రొట్టెకి పిండి ఈ వేళ్ళతోనే పిసికాను, గ్లౌజులు లేవు అన్నాను. ఇది అంటుకునే జబ్బు కాదు, నా ఒళ్ళు నన్నే పగవాడనుకోవడం వల్ల వచ్చింది, మీ ఒంటికి దాని సంగతి తెలియదు అన్నాను. తినాలనుకునేవాళ్ళు రండి, వద్దనుకుంటే కూర్చోండి, దయచేసి రుమాల్లో దాచకండి అన్నాను. రుమాలు అన్నప్పుడు దేవమ్మ ఆంటీ వైపు చూడలేదు. చూడాలని చాలా అనిపించింది.

అయ్యగారు బల్ల మీది తెల్లబట్ట వైపు చూశారు, అమ్మగారి వైపు చూశారు. వేరే రొట్టె లేదు. గొంతు సవరించుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ముందు ఆయన తిన్నారు. తినక తప్పదు.

మొదట లేచింది అమ్మ. మణికట్లకి క్రేప్ బ్యాండేజీతో వెళ్ళి మోకరించి, చేతులు ఇంతెత్తున చాపింది. ఈ జన్మకి ఆవిడ దగ్గర అది చూస్తాననుకోలేదు. తర్వాత సంఘ పెద్ద మత్తయిగారు, ఇంకో రెండు బెంచీలవాళ్ళు, వెనక నుంచి నా స్టూడెంట్ ఒకమ్మాయి. అంతే. మిగతా గుడికంతా ఒక్కసారే మోకాళ్ళ నొప్పులు వచ్చాయి. దేవమ్మ ఆంటీ పాటల పుస్తకంలోకి తల దూర్చేసింది. ఆ పేజీలో ఏముందో మరి, ఆరాధన అయ్యేదాకా తిప్పలేదు.

పళ్ళెంలో రొట్టె గుట్టగా మిగిలింది.

ఆశీర్వాదం అయింది. మామూలుగా అయితే బిర్యానీ పొయ్యి మీద పెట్టి వచ్చినట్టు పరిగెడతారు. ఇవాళ ఒక్కరూ కదలలేదు. బల్ల సర్దాలి. ఇన్నాళ్ళూ ఆ పద్ధతిని అందరికీ గుర్తుచేసిన మనిషి మెల్లగా పక్క గుమ్మం వైపు నడుస్తోంది. దేవమ్మగారూ అని అయ్యగారు పిలిచారు. మైక్ ఆపడం మర్చిపోయారో, కావాలనే ఆపలేదో.

మూడు భాగాలు చేశారు. మత్తయిగారు తన వాటా తీసుకుని నిలబడే నమిలారు. ఆంటీ, షుగరండీ అయ్యగారూ అంది. గోధుమపిండేనండి, తీపి వెయ్యరు అన్నారాయన. ఆవిడ చెయ్యి చాపింది. గుప్పెడు పెట్టారు. రుమాలు హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది, హ్యాండ్‌బ్యాగ్ బెంచీ మీద ఉంది.

చిన్నప్పుడు ఆముదం తాగించినట్టు తింది. ఒక్కో ముక్కకి కళ్ళు మూసుకుని, మెడ సాచి. మధ్యలో పొలమారింది. అమ్మ పరిగెత్తి తన బాటిల్ ఇచ్చింది. ఎవరి బాటిలో చూసుకోకుండా గడగడా తాగి, మళ్ళీ తింది.

ఇలాంటిది చూడాలని జనవరి నుంచి కోరుకున్నాను. చూస్తుంటే మాత్రం అనుకున్న సంతోషం రాలేదు. గొంతులోంచి బలవంతంగా దిగుతున్న ఆ రొట్టె, మూతికంటిన పొడి, చుట్టూ చూస్తున్న మేమందరం. ఛీ. అయినా కళ్ళు తిప్పుకోలేదు. తినడం అయ్యాక ఆవిడ నా దగ్గరికి వచ్చి, ఉప్పు ఎక్కువైందమ్మా అంది. ఎప్పటికీ క్షమించదు. వచ్చే నెల రొట్టె ఎవరిదని అయ్యగారిని ఎవరో అడిగారు. జ్ఞానమ్మగారింటి నుంచే కదా అన్నారాయన, ఇంకా నములుతూ.

ఇంటికొచ్చి పప్పన్నం తిన్నాను. బాగా ఆకలేసింది.

7 జులై, సోమవారం

రాఘవమ్మ వచ్చింది. కవరు వెతకలేదు, చెయ్యి చాపాను. కాసేపు చూసి, అరుగు మీద పెట్టబోయిన చేపని తెచ్చి చేతిలో పెట్టింది. పుండు నా వేలికి తగిలింది. నాకు అసహ్యం వేసింది. ఆమెకీ వేసింది, ముఖంలో కనిపించింది. ఇద్దరం చెయ్యి తియ్యలేదు.